మూడో మడత

అనగా అనగా, ఇంటికొక్క సూది మాత్రమే ఉండే కాలంలో, ఒక ఏటి ఒడ్డున తాడివాక అనే ఊరుండేది.

ఆ ఊళ్లో ఇనుము అరుదు. సూదులు మరీ అరుదు. ఏడాదికొకసారి పూసలమ్మే అవ్వ వచ్చేది. ఆమె గంపలో పూసలు వందలుగా ఉండేవి, సూదులు మాత్రం నాలుగో అయిదో ఉండేవి. అందుకని ఆ ఊరివాళ్ళు ఇరుగుపొరుగుకు ఉప్పు ఇచ్చేవారు, నిప్పు ఇచ్చేవారు, సూది మాత్రం చేబదులు ఇచ్చేవారు కాదు.

ఆ ఊరికొక ఆచారం ఉండేది. కూతురికి ఎనిమిదేళ్ళు నిండాక వచ్చే మాఘమాసంలో తల్లి తన సూదిని ఆ పిల్ల చేతిలో పెట్టేది. ఆ రోజు ఎనిమిదేళ్ళ పిల్లలంతా వరసగా కూర్చుని, ఊరందరిదీ అయిన పెద్ద బొంత మీద తలా ఒక కుట్టు వేసేవారు. ఊళ్లో ఏ బిడ్డ పుట్టినా మొదట పడుకోబెట్టేది ఆ బొంత మీదే. ఆ రోజు కోసం ఆడపిల్లలు వేళ్ళ మీద ఏళ్ళు లెక్కపెట్టుకునేవారు.

ఆ ఊళ్లో సింహాద్రి, నూకాలు అనే దంపతులుండేవారు. సింహాద్రి తాటాకులతో చాపలు, బుట్టలు అల్లేవాడు. నూకాలు బట్టలు కుట్టేది. వాళ్ళకు పైడి అని ఒక్కతే కూతురు.

ఆ ఇంట్లో ఏదీ పారేసేవారు కాదు. తాటికాయ బుర్రలు పైడికి బండి చక్రాలయ్యేవి. కొబ్బరి చిప్పలు తక్కెడయ్యేవి. ఇక నూకాలు చేతిలో ఒక్క చీర ఆరు జన్మలెత్తేది. మొదట చీర. అది చిరిగితే పైడికి పరికిణీ. పరికిణీ చిరిగితే బొంతలో ముక్క. బొంత నలిగితే సంచి. సంచి పోతే మసిగుడ్డ. ఆఖరికి ఆ పేలికను పేని దీపంలో వత్తి వేసేది.

"చీర కాలిపోతోందమ్మా," అనేది పైడి, దీపాన్ని చూసి.

"దాని వెలుగులోనే కదే నువ్వు అన్నం తింటున్నావు. ఇంకేం కావాలి దానికి?" అనేది నూకాలు.

పైడికి అయిదేళ్ళు నిండిన కార్తీకంలో నూకాలుకు దగ్గు పట్టుకుంది. కషాయాలకు తగ్గలేదు, పథ్యాలకు తగ్గలేదు, మొక్కులకూ తగ్గలేదు. తనకు రోజులు దగ్గరపడ్డాయని నూకాలుకు తెలిసిపోయింది.

ఆమె పెట్టె అడుగున ఒకే ఒక్క కొత్త గుడ్డ ఉంది. కుంకుమరంగు గుడ్డ. పెళ్ళికి పుట్టింటివాళ్ళు పెట్టినది. అన్నీ పాతవాటితోనే సరిపెట్టుకున్న నూకాలు ఆ గుడ్డను అప్పుడు బయటికి తీసింది. కిటికీ పక్కన కూర్చుని పైడికి పరికిణీ కుట్టసాగింది. కిటికీ బయట చెట్టు మీద, ఆకులు కుట్టి గూడు కట్టే పిట్ట ఒకటి ఉండేది. నూకాలు కుడుతుంటే అది తొంగి తొంగి చూసేది.

"నీ కుట్టు బాగుంది నూకాలూ," అందది ఒకనాడు.

"నీకు లేనిది నాకున్నది సూదే," అంది నూకాలు. "నాకు లేనివి నీకున్నవి రోజులు."

పిట్ట ఇంకాస్త దగ్గరి కొమ్మ మీదికి వచ్చి కూర్చుంది.

ఆ పరికిణీలో ఎనిమిదేళ్ళ పిల్లకు సరిపడా గుడ్డ ఉంది. కాని నూకాలు దాన్ని అయిదేళ్ళ పిల్లకు సరిపోయేలా కుట్టింది. మిగిలిన పొడవును అంచు దగ్గర మూడు మడతలుగా లోపలికి మడిచి కుట్టేసింది. చివరి రోజున ఆ పిట్టను దగ్గరికి పిలిచి, చాలాసేపు ఏదో చెప్పింది. తర్వాత భర్తను పిలిచింది.

"ఏడాదికొక మడత. పిల్ల పుట్టినరోజున విప్పాలి," అంది. "ఈ కొస పట్టి లాగితే వరసంతా ఊడొస్తుంది. ఒక్కో మడతలో ఒక్కోటి పెట్టాను."

"ఏం పెట్టావు?"

"విప్పినప్పుడు చూద్దువుగాని. తొందరెందుకు నీకు?"

పుష్యమాసం రాకుండానే నూకాలు కన్నుమూసింది.

కర్మలన్నీ అయ్యాక సింహాద్రి ఇంట్లో సూది కోసం వెతికాడు. కనిపించలేదు. పెట్టె వెతికాడు, చూరు వెతికాడు, నేల మీది మట్టిని ఊడ్చి జల్లెడ పట్టాడు. ఎక్కడా లేదు.

"ఆ పరికిణీలో ఉండిపోయిందేమో చూడు తమ్ముడూ," అంది పక్కింటి గైరమ్మ. ఆమె ఒళ్లో నెలల బిడ్డ బంగారి ఉంది.

"సూది లోపల ఉంటే పైన కుట్టినదెవరు అక్కా?" అన్నాడు సింహాద్రి.

గైరమ్మకు ఆ మాట సబబుగానే తోచింది.

సూది లేని ఇల్లు ఎలా ఉంటుంది? బొంత అంచులు ఊడాయి. సంచి అడుగు జారింది. సింహాద్రి వాటిని తుమ్మముళ్ళు గుచ్చి, తాటినార కట్టి నెట్టుకొచ్చాడు. గైరమ్మ మాత్రం ఎంతని కుట్టిపెడుతుంది? ఆమె ఇంటి చిరుగులే ఆమెకు తీరేవి కావు. ఆరు జన్మలెత్తే గుడ్డలు ఆ ఇంట్లో రెండు జన్మలకే ముగిసిపోయేవి.

ఏడాది తిరిగింది. పైడికి ఆరేళ్ళు నిండాయి. సింహాద్రి కొస పట్టి మెల్లగా లాగాడు. మొదటి మడత విప్పుకుంది.

పరికిణీ అప్పటికే ఎండకూ ఉతుకులకూ వెలిసి, ఇటుక పొడి రంగుకు తిరిగింది. మడతలోంచి వచ్చిన పట్టీ మాత్రం బెత్తెడు వెడల్పున, నిన్న అద్దినట్టు ఎర్రగా ఉంది. లోపల నాలుగు కచ్చూరాలున్నాయి. నూకాలు బట్టల పెట్టెలో వాసనకు వేసుకునే కచ్చూరాలవి.

పైడి ఆ పట్టీలో ముఖం పెట్టుకుంది.

"అమ్మ వచ్చింది నాన్నా," అంది.

ఏడో ఏట రెండో మడత విప్పారు. మళ్ళీ బెత్తెడు ఎరుపు. లోపల బొటనవేలంత గుడ్డబొమ్మ, పల్చగా నొక్కినట్టు ఉంది. దాని ఒళ్ళంతా ఆ కుంకుమ గుడ్డే. జుట్టు మాత్రం నూలు కాదు, నూకాలు జుట్టు. సింహాద్రి దాన్ని చూసి గడప అవతలికి వెళ్ళి చాలాసేపటికి గాని రాలేదు. పైడి ఆ బొమ్మతో ఆడుకోలేదు. గూట్లో పెట్టి, రోజూ చూసేది.

ఎనిమిదో ఏడు వచ్చింది.

సింహాద్రి కొస పట్టుకోబోయాడు. పైడి ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దు నాన్నా."

"అదేమమ్మా? కాళ్ళు బయటపడుతున్నాయి. చూడు, ఎంత కురచైపోయిందో."

"ఇది కూడా విప్పేస్తే అమ్మ అయిపోతుంది."

ఏదీ పారేయని ఇల్లది. ఉన్నదాన్ని రేపటికి మిగిల్చుకోవడం తప్పని ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పలేదు. సింహాద్రి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆ మాఘంలోనే సూది పట్టే రోజు వచ్చింది. ఊరి బొంత పరిచారు. ఎనిమిదేళ్ళు నిండిన పిల్లలు ఏడుగురు. ఆరుగురి చేతుల్లోకి ఆరు సూదులు వచ్చాయి. పైడి ఏడో చోట కూర్చుని ఉత్త చెయ్యి చాపింది. కాసేపటికి ఆ చెయ్యి పరికిణీ మీద పెట్టుకుని లేచి వచ్చేసింది.

"అవ్వ దగ్గర ఒకటి కొంటానమ్మా," అన్నాడు సింహాద్రి. "నాలుగు చాపలు ఇస్తే ఒక సూది ఇస్తుంది. నేను ఆరు అల్లి ఇస్తాను."

"నాకు అమ్మ సూది కావాలి," అంది పైడి. "అందరికీ వాళ్ళ అమ్మ ఇచ్చింది. మా అమ్మ నాకు ఇవ్వకుండానే పోయింది."

అలా అని గోడవైపు తిరిగి పడుకుంది. మడత అంచులో సన్నగా, పుల్లలా ఏదో ఆమె మోకాలికి తగులుతూనే ఉంది. పైడి దాన్ని వేలితో తడిమింది. అమ్మ దాచిన ఆఖరిది కదా అనుకుంది. తడిమి, వదిలేసింది.

మర్నాడు పిట్ట కిటికీ మీద వాలింది.

"పిల్లా, ఆ మూడో మడత విప్పు."

"విప్పను."

"అందులో ఏముందో చెప్పనా?"

"చెప్పకు. చెబితే విన్నట్టే. వింటే అయిపోయినట్టే," అని పైడి రెండు చెవులూ మూసుకుంది.

"నేను ఆకు కుట్టి గూడు కడతాను," అంది పిట్ట. "పిల్లలు ఎగిరిపోతారు. ఆ గూటిని నేను దాచుకోను. మళ్ళీ కొత్త ఆకు కుడతాను."

చెవులు మూసుకున్న పిల్లకు ఆ మాటలు వినిపించలేదు. పిట్ట ఎగిరిపోయింది.

తొమ్మిదో ఏడు, పదో ఏడు గడిచాయి. పరికిణీ మోకాళ్ళ దాకా వచ్చింది. ఏటికి వెళ్తే తోటి పిల్లలు నవ్వేవారు.

"కొంగ వచ్చింది, కొంగ. ఒంటికాలి మీద నిలబడవే, చేపలు దొరుకుతాయి."

"దొరికితే మీకు పెట్టనులే," అనేది పైడి. ఇంటికి వచ్చాక కాళ్ళు ముడుచుకుని కూర్చునేది.

తండ్రి చెప్పాడు, వినలేదు. పిట్ట చెప్పింది, వినలేదు. పిల్లల నవ్వులూ చెప్పాయి, అవీ వినలేదు. మూడు వానాకాలాలు ఆ మడత మీదుగా కురిసి వెళ్ళాయి. వారానికి రెండు ఉతుకులు పడ్డాయి. ఒకనాడు అంచు మీద గోధుమరంగు మచ్చ కనిపించింది. పైడి కుంకుడురసం పోసి రుద్దింది. పోలేదు. ఆ మచ్చ నెలనెలకూ పెద్దదైంది.

పదకొండో ఏట, ఒక పొద్దున పైడి నీళ్ళకుండ ఎత్తడానికి వంగింది. ఏళ్ళ తరబడి మడిచి ఉన్న గుడ్డ ఆ మడత పొడవునా పటుక్కున చిట్లింది. అంచంతా వేలాడింది. లోపలినుంచి ఎండిన తాటాకు చుట్ట ఒకటి జారి నేల మీద పడింది.

పైడి దాన్ని విప్పింది. లోపల ఆముదంలో ముంచిన గుడ్డపేలిక, ఎండి గట్టిపడి ఉంది. పేలికలో సూది ఉంది.

సూది అనడానికి లేదు. తుప్పు పట్టిన పుల్ల అది. ఆ తుప్పే చుట్టూ ఉన్న గుడ్డను తినేసింది. మూడేళ్ళపాటు పైడి కాపాడుకున్న ఎర్రటి పట్టీ, చేతిలోకి తీసుకుంటే పొడిపొడిగా రాలింది.

సింహాద్రి వచ్చి కింద కూర్చున్నాడు. పేలికను వాసన చూశాడు.

"ఆముదం పూసింది," అన్నాడు. "మూడేళ్ళకు సరిపడా పూసింది తల్లీ. నీకు ఎనిమిదేళ్ళు వచ్చేదాకా. మనం ఆరేళ్ళు ఉంచాం."

"సూది లోపల ఉంటే పైన ఎవరు కుట్టారు నాన్నా?" అంది పైడి.

కిటికీ మీదినుంచి పిట్ట పలికింది.

"నేను. చివరి జానెడు నా ముక్కుతో కుట్టాను. మీ అమ్మ అడిగింది. 'ఎనిమిదో ఏట మాఘంలో అందరమ్మలూ ఇస్తారు, నేను ఉండను, నా చెయ్యి ఈ మడతలోంచి రావాలి,' అంది."

పైడి ఆ అంచును ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. ఇన్నాళ్ళూ అమ్మ మిగిలి ఉండాలని ఏడ్చేది. ఇప్పుడు, అమ్మ చాపిన చేతిని మూడేళ్ళు పట్టుకోకుండా వదిలేసినందుకు ఏడ్చింది. సింహాద్రి ఊరుకోమనలేదు. ఆయన కళ్ళూ ఆగలేదు.

మధ్యాహ్నానికి సింహాద్రి ఆ సూదిని చింతపండులో నానబెట్టాడు. బూడిదతో తోమాడు. సగానికి విరిగింది. మొన ఉన్న సగం పొడైపోయింది. బెజ్జం ఉన్న సగం మిగిలింది. ఆ సగాన్ని మూడు రోజులు సానరాయి మీద నూరాడు. నాలుగో రోజుకు దానికి కొత్త మొన వచ్చింది. పొడవు రెండు బియ్యపు గింజలంత.

పైడి ఆ సగం సూది పట్టుకుని కుట్టు నేర్చుకుంది. వేళ్ళకు దొరికేది కాదు, జారిపోయేది, గుచ్చుకునేది. అది నిండు సూదిగా ఉన్నప్పుడు, తన వేళ్ళు చిన్నవిగా ఉన్నప్పుడు ఎంత బాగా అమరేదో అని ప్రతి కుట్టుకూ అనుకునేది.

ఆ మాఘంలో ఎనిమిదేళ్ళ పిల్లల వరసలో పదకొండేళ్ళ పిల్ల ఒకతి కూర్చుంది, అందరికంటే తలెత్తు పొడుగ్గా. ఎవరూ కొంగ అనలేదు. ఊరి బొంత మీద ఆమె వేసిన కుట్టు వంకరగా ఉంది. కాని గట్టిగా ఉంది.

ఇంటికి వచ్చి పైడి తన పరికిణీలో బాగున్న గుడ్డనంతా కత్తిరించింది. పక్కింటి బంగారికి చిన్న పరికిణీ కుట్టింది. అంచులో మూడు మడతలు పెట్టింది. తర్వాత గూట్లోంచి గుడ్డబొమ్మను తీసింది. ఒకసారి దాని జుట్టు నిమిరి, బంగారి చేతిలో పెట్టింది.

"ఆడుకోనా అక్కా?" అంది బంగారి.

"ఆడుకో."

"చిరిగిపోతే?"

"కుడతాను."

బంగారి అంచును తడిమి చూసింది. "ఈ మడతలెప్పుడు విప్పుతావు?"

"నీకు కురచైన రోజున నేనే వచ్చి విప్పుతాను," అంది పైడి. "ఒక్క రోజు కూడా ఆగను."

పిల్లలూ, అందుకే గుర్తుంచుకోండి: పొదుపుగా వాడుకోవడం మంచిదే, కాని ప్రేమతో ఇచ్చినదాన్ని అయిపోతుందనే భయంతో వాడకుండా దాచుకుంటే, అది మిగలదు, తుప్పు పడుతుంది.