కోటప్ప కాలికి పట్టిన పాకం

అచ్చియ్యమ్మ ఇంట్లో అందరూ మహా తెలివైనవాళ్ళు. ఎక్కడ అరిగిపోతుందోనని ఆ తెలివిని బయటవాళ్ళకి చూపించేవాళ్ళే కారు. గవ్వలు వండి అమ్ముకునే ఇల్లు. పాకంలో తమకి తెలియనిదేముందని ఆవిడ ధీమా.

ఆవిడ మొగుడు కోటప్పకి కాలివేలి మీద పుండు పడింది. ఎంతకీ మానదు. డాక్టరమ్మ చూసి, "షుగరు ముదిరింది. రక్తంలో ఎక్కువైన చక్కెర, మీ గవ్వలకి పాకం పట్టినట్టు, మాంసకృత్తులకి పట్టేస్తుంది. దాంతో రక్తనాళాల గోడలు బిరుసెక్కి పాడవుతాయి. కాలికి రక్తం సరిగ్గా అందక స్పర్శ కూడా తగ్గిపోయింది. తీపి మానేసి మాత్రలు వేసుకోకపోతే వేలు తీసెయ్యాలి," అంది.

అచ్చియ్యమ్మ మొగుణ్ణి రెక్క పట్టుకుని ఇంటికి లాక్కొచ్చింది.

ఇంటికి రాగానే మరిది పోలయ్య, "పాకం పట్టేసిన మూకుడుని ఏం చేస్తాం వదినా?" అన్నాడు.

"వేణ్ణీళ్ళలో నానబెడతాం."

అంతే! పొగలు కక్కే గంగాళంలో కోటప్ప కాలు పెట్టాడు.

"ఎలా ఉందండీ?"

"ఏమీ తెలియట్లేదే!"

అచ్చియ్యమ్మ వేలు ముంచి "అమ్మోయ్!" అని కాలు బయటికి లాగేసింది. అప్పటికే ఎర్రగా కందిపోయింది.

"ముదురు పాకం వదినా, చీమలే గీకాలి," అన్నాడు పోలయ్య. ఇంకేముంది, అన్నని చీమల పుట్ట దగ్గర కూర్చోబెట్టాడు. చీమలు కోటప్పని వదిలేసి, జేబునిండా గవ్వలున్న పోలయ్య మీదకెక్కాయి.

కందిన కాలు చూసి డాక్టరమ్మ చీవాట్లు పెట్టింది. "మూడు నెలలు ఆగి రక్తపరీక్ష చేయిస్తాను. ఎర్రకణాల్లో మాంసకృత్తికి ఎంత చక్కెర పట్టిందో చూస్తే మీరు తిన్న తీపంతా బయటపడుతుంది!"

కోటప్పకి చెమటలు పట్టాయి. చాటుగా రోజూ గవ్వలు నములుతూనే ఉన్నాడు మరి. "నా రక్తం చాడీలు చెప్పేస్తుందిరా!" అని తమ్ముడి చెవిలో గొణిగాడు.

"నాది పంపుదాం అన్నయ్యా, అది నోరు మెదపదు," అన్నాడు పోలయ్య.

గడువు రాగానే కోటప్ప పేరు పిలిస్తే పోలయ్య చెయ్యి చాపాడు.

కాగితం చూసి డాక్టరమ్మ అదిరిపడింది. "ఇదేమిటి? చక్కెర మునుపటికి రెట్టింపైంది!"

"అది నాదండీ," అన్నాడు పోలయ్య బిక్కమొహంతో.

అచ్చియ్యమ్మ మొహం వెలిగిపోయింది. "అంటే మీ అన్నయ్య పాకమంతా నీలోకి దిగిపోయిందన్నమాట! ఏవండోయ్, మీ వేలు దక్కింది!" అంటూ సంచీలోంచి గవ్వ తీసి మొగుడి నోట్లో పెట్టింది.

డాక్టరమ్మ ఆ గవ్వ లాక్కుని, రెండు చేతులతో తల పట్టుకుని కూలబడింది.

అచ్చియ్యమ్మ కంగారుపడిపోయింది. "అయ్యయ్యో, ఈవిడకి పాకం తలకే పట్టింది! పోలయ్యా, పరుగెత్తు! వేణ్ణీళ్ళు!"