నాంచారమ్మ కుడి మోకాలు

ఎండలు ముదిరితే ఆ అడవిలో మడుగులన్నీ ఎండిపోతాయి. అప్పుడు గేదెల మంద కొండ దాటి అవతలి వాగుకు వలస పోవాలి. దారంతా రాళ్లు, నిట్టనిలువు ఎక్కుడు. ఎక్కలేనివాళ్ల కోసం మంద ఆగదు. మందపెద్ద దున్న వీరన్నకు జాలి లేక కాదు, ఆగితే దూడలు దాహంతో చచ్చిపోతాయి.

ఈ ఏడు ముసలి గేదె నాంచారమ్మ గుండెల్లో రాయి పడింది. ముందరి మోకాళ్లు రెండూ ఒక్కలాగే వాచిపోయాయి. పొద్దున్నే లేవాలంటే చుక్కలు కనిపిస్తున్నాయి. ఈ కాళ్లతో కొండెక్కడమా!

"దిగులెందుకత్తా? నా దగ్గర మందుంది," అంటూ ఊడిపడ్డాడు నక్క భద్రయ్య. "కీళ్లవాతానికి అమృతమే అనుకో. కట్టు కట్టామంటే లేడిపిల్లలా గంతులేస్తావు."

"ఏం మూలిక నాయనా?"

"పేరు చెబితే గుణం పోతుంది."

"మా అమ్మ వావిలాకు కట్టుకునేదిరా..."

"వావిలాకా! గట్ల మీద ఊరికే మొలిచేదానికి గుణం ఎక్కడినుంచి వస్తుందత్తా?"

అడవికి వైద్యుడు లేక చాలాకాలమైంది. వైద్యుడైనవాడు వేటాడక్కర్లేదు, ఇంటింటి నుంచీ తిండి నడిచొస్తుంది. భద్రయ్య కన్ను ఆ పదవి మీదే ఉందని అందరికీ తెలుసు.

చెట్టు కొమ్మ మీదినుంచి కొండముచ్చు అక్కమ్మ దిగివచ్చింది. "వాదులాట ఎందుకు? రెండూ కట్టి చూద్దాం. ఒక మోకాలికి వావిలాకు, రెండో మోకాలికి భద్రయ్య మందు. ఏది ఎటువైపో నాకొక్కదానికే తెలియాలి. నీకు కూడా చెప్పను నాంచారమ్మా. తెలిస్తే నీ మనసు నచ్చినవైపే తగ్గిందంటుంది."

"సరే," అంది నాంచారమ్మ. భద్రయ్య కూడా సరేనన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకున్నాడేమిటా అని ఆమెకు అనుమానం రాకపోలేదు.

అక్కమ్మ రెండు మందులూ రాతి మీద నూరి, ఎండలో వెచ్చబెట్టి, మందపాటి మోదుగాకుల్లో చుట్టి, తీగతో మోకాళ్లకు కట్టింది. "రోజూ పొద్దున్నే కొత్త కట్టు కడతాను. ఒక్కటే షరతు. బురదలోకి దిగకూడదు."

"ఎండాకాలంలో గేదెను బురదలోకి దిగొద్దంటావా? అంతకంటే ప్రాణం తీసెయ్యవే తల్లీ!"

అయినా నోరు మూసుకుని గట్టు మీదే పడుకుంది. తోటివాళ్లు బురదలో పొర్లుతూ తాపమంతా తీర్చుకుంటుంటే ఆమె ఒళ్లు జిలపెట్టేది. అంతలో ఎడమ కట్టు నుంచి ఘాటుగా వావిలాకు వాసన వచ్చింది. అమ్మ ఒంటి వాసనే! నాంచారమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఎడమదే గెలవాలి, ఎడమదే గెలవాలి అనుకుంటూ రోజులు లెక్కపెట్టింది.

భద్రయ్య కూడా పరామర్శ వంకతో రోజూ వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా మోకాళ్ల దగ్గర ముక్కు పెట్టి ఎగబీల్చి, మీసం మెలేసుకుంటూ వెళ్లేవాడు.

ఒకరోజు నాంచారమ్మ లేవబోయింది. కుడి కాలు ఇట్టే మడిచింది, ఇట్టే చాచింది! మళ్లీ మడిచి చూసింది. నొప్పి సగానికి సగం లేదు! ఆనందంతో అరవబోయి ఠక్కున ఆగిపోయింది. అయ్యో, కుడిదా? ఎడమ మోకాలు ఎప్పటిలాగే మొరాయిస్తోంది.

తెల్లారితే వలస. జంతువులన్నీ మూగాయి. నాంచారమ్మ కుడి కాలు తేలిగ్గా వేయడం భద్రయ్య చూశాడు. వాడి కళ్లు ఇంతింతయ్యాయి. సొంత మందు పనిచేస్తే వీడికింత ఆశ్చర్యమెందుకో నాంచారమ్మకు అర్థం కాలేదు.

"ముందే ఒట్టేసుకుందాం!" భద్రయ్య గొంతు చించుకున్నాడు. "ఏ మోకాలు తగ్గితే దాని మందే గెలిచినట్టు. ఆ మోకాలికి మొదట్నుంచీ నొప్పి తక్కువ అనే సాకులు చెల్లవు!" అంటూ తనే అందరికంటే ముందు ఒట్టేశాడు. మిగతావాళ్లూ వేశారు.

"చెప్పు నాంచారమ్మా, ఏది?" అడిగాడు వీరన్న.

ఎడమది అని ఒక్క మాట అబద్ధం చెబితే ఈ జిత్తులమారి వైద్యుడు కాలేడు. అమ్మ వావిలాకు పరువు నిలబడుతుంది. కానీ రేపు ఆ అబద్ధాన్నే కాళ్లకు కట్టుకుని కొండెక్కాలి! తన వెనక కుంటుతూ వచ్చే ముసలివాళ్లందరూ అదే కట్టుకుంటారు. నాంచారమ్మకు ఏడుపొచ్చింది.

"కుడిది," అంది.

"విన్నారా!" భద్రయ్య గాల్లోకి ఎగిరాడు. "కుడిదంటే నాదే! నా మందే!"

"కుడిది నీదని నీకెవరు చెప్పారు?" అంది అక్కమ్మ.

భద్రయ్య నాలుక కరుచుకున్నాడు. "ఎవరో చెప్పాలా? ఎడమ కట్టు అంత దూరానికి వావిలాకు వాసన కొడుతుంటే!"

అక్కమ్మ పకపకా నవ్వింది. "నీ ముక్కు ఊరుకోదని తెలిసే ఎడమ కట్టుకు పైపైన వావిలాకు రసం పూశాను. కుడి కట్టు మీద వాసన రాకుండా తడిమట్టి మెత్తాను. ఇదిగో చూడండి!"

కుడి కట్టు విప్పింది. నూరిన వావిలాకు! ఎడమది విప్పింది. గరిక గడ్డి, గుప్పెడు బూడిద!

అడవి అడవంతా హోరెత్తిపోయింది. నాంచారమ్మ ఏడుస్తూనే నవ్వేసింది.

"అసలా కుడి మోకాలికి మొదట్నుంచీ నొప్పి తక్కువ..." భద్రయ్య గొణిగాడు.

"ఒట్టు! ఒట్టు!" అని అందరూ ఒక్కసారే అరిచారు. భద్రయ్య తోక ముడుచుకుని పొదల్లో పడ్డాడు.

"ఒక్క మోకాలు చూసి సంబరపడిపోకండి. మిగతా ముసలివాళ్లకూ ఇలాగే కట్టి చూడాలి," అంది అక్కమ్మ, వావిలాకు కోయడానికి పరిగెడుతూనే.

మడుగులో ఇంకొక్క రోజుకు నీళ్లున్నాయని చూసుకుని, ముసలివాళ్ల కట్ల కోసం వలస ఒక్క రోజు వెనక్కి జరిపాడు వీరన్న. బయల్దేరే పొద్దున రెండు మోకాళ్లకూ వావిలాకు కట్టుకుని నాంచారమ్మ మంద వెనక నడిచింది. ఎడమ మోకాలు సలుపుతూనే ఉంది, కుడి మోకాలు మాత్రం మాట వింటోంది. దాని మీదే బరువు మోపి, ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ అడుగేసింది. శిఖరం చేరేసరికి కింద వాగు తళతళా మెరుస్తోంది. "వచ్చేశానర్రా, నేనూ వచ్చేశాను!" అని కొండ అదిరేలా అరిచింది.

నీతి: తనకు నచ్చకపోయినా నిజమే చెప్పే రోగి ఉంటేనే మంచి మందు బయటపడుతుంది.