నెయ్య కార్ పెయింట్స్

మునెయ్య బోర్డు మీద మొదటి అక్షరం పడక ఆరు నెలలైంది. పడితే అది 'మునెయ్య కార్ పెయింట్స్' అవుతుంది. పడలేదు కాబట్టి ప్రొద్దుటూరు జనం షెడ్డు గోడకు ఆనించిన ఆ బోర్డును ఉన్నదున్నట్టు చదివి, "ఏమప్పా నెయ్యా, వెన్న ఎప్పుడు కాస్తావు?" అని ఆటపట్టించేవాళ్ళు.

ఆ అక్షరం రాయాల్సింది పీరాన్ సాహెబ్. కార్లకు రంగులేసే పనిలో ఆయన ఊరందరికీ ఉస్తాద్. ఆయన దగ్గర పని నేర్చినవాడు సొంత షెడ్డు పెట్టుకుంటే, బోర్డు మీద మొదటి అక్షరం ఆయన చేత్తోనే పడాలి. ఆ తర్వాతే బోర్డు పైకెక్కుతుంది. మునెయ్య అడిగినప్పుడల్లా ఆయన "చూద్దాంలే" అనేవాడు. ఎందుకో చెప్పేవాడు కాదు. షెడ్డుకు బండ్లు వస్తున్నాయి గానీ పేరు మాత్రం రావడం లేదని మునెయ్య లోలోపల కుమిలిపోయేవాడు.

చేతిపనిలో లోపమా అంటే, అదీ లేదు. రాయి తగిలి నువ్వుగింజంత పెచ్చు లేచిన చోట మునెయ్య చెయ్యి పడిందంటే ఇక దెబ్బ కనపడేది కాదు. దానికి షెడ్డు కూడా అక్కర్లేదు, బండిగలవాళ్ళ ఇంటి నీడ చాలు. సబ్బునీళ్ళతో కడిగి, ఆరనిచ్చి, సన్నగా చెక్కిన అగ్గిపుల్ల మొనతో రంగును ఒక్క చుక్క దించేవాడు. అది ఆరాక ఇంకో చుక్క. గుంట నిండి వెంట్రుకవాసి పైకొచ్చాక, తడిపిన గరుకు కాగితంతో ఊపిరి బిగబట్టి రుద్దేవాడు. ఈ పనంతా ఉస్తాద్ నేర్పిందే.

చెయ్యి అంత నెమ్మది గానీ, నోరు మాత్రం ఊరుకునేది కాదు. పని అయ్యాక బండి ముందు చేతులు కట్టుకుని నిలబడి, "దెబ్బ యాడుందో పట్టుకోండి చూద్దాం!" అనేవాడు. ఎవరూ పట్టుకోలేకపోయేవాళ్ళు. ఆ రోజంతా మునెయ్య నేల మీద నడిచేవాడు కాదు.

ఒకరోజు సుభాషిణి టీచర్ కబురు పెట్టింది. భర్త కొత్తగా కొన్న ఎర్రకారు మీద ఆమె డ్రైవింగ్ నేర్చుకుంటోంది. తలుపు తీస్తుంటే ప్రహరీగోడ తగిలి అంచున పెచ్చు లేచింది. "మా ఆయన ఆఫీసు నుంచి వచ్చేలోపు చేసిపెట్టు నాయినా. ఆయనకు తెలిస్తే మళ్ళీ స్టీరింగ్ ముట్టుకోనివ్వడు" అంది. మునెయ్య వాళ్ళ వాకిట్లో కూర్చుని, మధ్యాహ్నం భోజనం కూడా మానుకుని చేశాడు. బ్రహ్మాండంగా కుదిరింది.

అంత బాగా కుదరడమే కొంప ముంచింది. వారం తిరక్కుండానే టీ కొట్టు దగ్గర టీచరమ్మ భర్త, ఇంజనీరు సారు, ఎర్రకారు ఆపాడు. మునెయ్య నాలుక దురద ఆగలేదు.

"సార్, మీ డోరుకు పెచ్చు లేసింటే నేనే పూడ్చినా. యాడుందో పట్టుకోండి చూద్దాం!"

ఇంజనీరు కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. కనుక్కోలేకపోయాడు. ఊరెళ్ళిన ఉస్తాద్ నాలుగు రోజులకు తిరిగొచ్చాడో లేదో, మునెయ్య ఆయన ఇంటికి పరుగెత్తాడు. బండిగల ఆయనే పట్టుకోలేకపోయాడంటే ఇంతకంటే పరీక్ష ఏముంటుంది? ఇవాళ అక్షరం పడి తీరుతుందనుకున్నాడు.

ఉస్తాద్ అంతా విన్నాడు.

"ఆ టీచరమ్మ బండి నేర్చుకుంటాందా ఇప్పుడు?"

"లేదు ఉస్తాద్. సారు తాళాలు తీసి పెట్టుకున్నాడంట. బస్సులో పోతాంది."

అన్నాక గానీ తానేమన్నాడో మునెయ్యకు వినపడలేదు. ఉస్తాద్ కోప్పడలేదు. వాకిట్లో ఉన్న తన పాత గంధంరంగు కారు వైపు గడ్డంతో చూపించాడు.

"డ్రైవర్ పక్క డోరు. దెబ్బ యాడుందో పట్టుకో చూద్దాం."

మునెయ్య ఆ డోరు దగ్గరికి నడిచాడు.

పన్నెండేళ్ళ కిందట, పనిలో చేరిన రెండోరోజు, అదే డోరు మీద జాకీ కడ్డీ జారవిడిచాడు. పిడికిలంత మేర రంగు లేచిపోయింది. భయంతో చేతికందిన రంగేదో పూసి నోరు మూసుకున్నాడు. నెలరోజులు నిద్ర పట్టలేదు, ఆ చోటు వంక మళ్ళీ చూసే ధైర్యమూ రాలేదు. ఉస్తాద్ ఎన్నడూ ఆ మాటే ఎత్తకపోయేసరికి, ఆయన చూడలేదనుకున్నాడు.

చోటు తెలుసు. హ్యాండిల్‌కు నాలుగు వేళ్ళ కింద. మునెయ్య వంగి వాలుగా చూశాడు. నీళ్ళు చల్లి చూశాడు. కళ్ళు మూసుకుని అరచేత్తో తడిమాడు. పన్నెండేళ్ళుగా ఆ డోరుకు ఆనుకునే టీ తాగుతున్నాడు. అక్కడ దెబ్బ లేదు, దెబ్బ మాన్పిన జాడా లేదు.

తిరిగొచ్చేసరికి అతని కళ్ళల్లో నీళ్ళు నిండాయి.

"ఉస్తాద్, ఆ పొద్దు జాకీ కడ్డీ..."

"ఏ కడ్డీ?" అన్నాడు ఉస్తాద్, సాసర్లోకి టీ వంపుకుంటూ.

ఆ రోజు మునెయ్య అక్షరం సంగతి అడగకుండానే వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే టీచరమ్మ గుమ్మం ముందు నిలబడ్డాడు. ఆమె తలుపు తీసి, అతన్ని చూసి, మొహం తిప్పుకుంది. లోపలి నుంచి ఇంజనీరు వచ్చాడు. మునెయ్య చేతులు జోడించాడు.

"నేను పనిలో చేరిన రెండోనాడే మా ఉస్తాద్ బండికి దెబ్బ పెట్టినా సార్. మూడోనాడు ఆయన ఆ బండి తాళాలే నా చేతికిచ్చినాడు. ఎందుకిచ్చినాడో నాకు నిన్ననే తెలిసింది."

అంతే చెప్పి వచ్చేశాడు.

రెండు నెలలు గడిచాయి. ఒక సాయంత్రం ఉస్తాద్, మునెయ్య అరుగు మీద కూర్చుని ఉండగా వీధిలో ఎర్రకారు వచ్చింది. సుభాషిణి టీచర్ స్టీరింగ్‌ను రెండు చేతులా గట్టిగా పట్టుకుని, అడ్డం ఎవరూ లేకపోయినా హారన్ కొట్టుకుంటూ, తల నిటారుగా పెట్టి నడుపుకుంటూ పోయింది. కారు మీద ఎక్కడా గీత లేదు.

ఉస్తాద్ మలుపు దాకా దాన్నే చూశాడు.

"ఈ మధ్య టీచరమ్మ ఇంటికేమన్నా పోయినావా?"

"ఏ టీచరమ్మ ఉస్తాద్?" అన్నాడు మునెయ్య.

ఉస్తాద్ చూపు అతని చేతి మీద ఆగింది. బొటనవేలి గోటి అంచున ఎర్రరంగు మరక ఇంకా పూర్తిగా పోలేదు. మునెయ్య ఆ వేలిని మెల్లగా పిడికిట్లో దాచుకున్నాడు.

ముసలాయన ఛాతీ పొంగింది. కన్నకొడుకును పెళ్ళిపీటల మీద చూసిన తండ్రిలా శిష్యుణ్ణి కాసేపు అట్లాగే చూసి, చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు.

"నెయ్యి అమ్మింది చాల్లే. పో, బోర్డు పట్టుకురా."