విభూతి వేళ అడిగే ప్రశ్న

రేవణయ్య పెట్టిన కట్టుబాటును చెన్నడు తప్పాడు. తప్పడమంటే అలా ఇలా కాదు, తనకు రెండింతలున్న బసవలింగం చేతిని నెత్తురు కారేట్టు కొరికేశాడు.

వాళ్ళుండే మఠంలో పేద పిల్లలకు తిండి పెట్టి చదువు చెప్పేవారు. పెద్దస్వామికి వయసు మీద పడటంతో పిల్లల మంచీ చెడ్డా అంతా శిష్యుడు రేవణయ్యే చూసుకునేవాడు. రేవణయ్య చెడ్డవాడేం కాదు. పిల్లలు కొట్టుకుంటే చూడలేడు, అంతే. అందుకే ఒక నియమం పెట్టాడు. ఇంకొకడి ఒంటి మీద గీత పెట్టినవాడు ఎవడైనా సరే, మఠంలో ఉండటానికి వీల్లేదు. ఎందుకు చేశావని అడిగేది లేదు.

"అడిగితే ప్రతివాడూ ఒక కారణం చెబుతాడు," అనేవాడు.

రోజూ సాయంత్రం పూజకు ముందు పిల్లలు చొక్కాలు విప్పి వరసగా నిలబడేవారు. రేవణయ్య విభూతి పళ్ళెం పట్టుకుని ఒక్కొక్కడికీ నుదుటికీ, రొమ్ముకీ, చేతులకీ తనే రాసేవాడు. రాస్తూ ఒళ్ళంతా పరికించేవాడు. ఎక్కడైనా గోటి గీత కనిపించిందా, "ఎవరు చేశారు?" అనేవాడు. ఆ ఒక్క ప్రశ్నే. చేసినవాడు పొద్దున్నే మూట కట్టుకోవాల్సిందే.

అబ్బో, ఆ దెబ్బకు మఠంలో గొడవలన్నీ సద్దుమణిగాయి. ఊళ్ళోవాళ్ళు వచ్చి, "మీ పిల్లల్ని చూస్తే ముచ్చటేస్తుందయ్యా, ఎంత క్రమశిక్షణ!" అంటుంటే రేవణయ్య ఉబ్బితబ్బిబ్బయ్యేవాడు.

ఇప్పుడు చెన్నడి వంతు వచ్చింది. వాడి తండ్రి నాపరాళ్ళ గనిలో బండ విరిగి మీద పడి పోయాడు. తల్లి వాణ్ణి మఠం గడపలో దించి, "గనికి మాత్రం మళ్ళీ పంపకండి సామీ, వీడూ ఆ బండల కిందే పోతాడు," అని కాళ్ళు పట్టుకుని ఏడ్చింది. ఇక్కణ్ణుంచి వెళ్ళగొడితే ఆ పసివాడికి ఆ గని తప్ప దిక్కు లేదు. రేవణయ్యకూ ఆ సంగతి తెలుసు.

"దిగుడుబావిలో నా తల ముంచి పట్టుకున్నాడయ్యా. ఊపిరాడలేదు," అన్నాడు చెన్నడు. జుట్టులోంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి.

"ఊరికే, ఆటకు ముంచానయ్యా," అన్నాడు బసవలింగం, గుడ్డ చుట్టిన చెయ్యి చూపిస్తూ. "నేను వీణ్ణి ఒక్క దెబ్బ కొట్టుంటే ఒట్టు."

రేవణయ్య చెన్నణ్ణి ఎగాదిగా చూశాడు. "నీ ఒంటి మీద దెబ్బ ఏదిరా?"

"నీళ్ళలో ముంచితే దెబ్బెలా కనబడుద్దయ్యా?"

రేవణయ్య ఆ మాట విననట్టే వెనక్కి తిరిగాడు. మూట సర్దుకోమని వాడికి చెప్పి, పెద్దస్వామి దగ్గరికి వెళ్ళాడు. మనసు బాగా లేదు. ఒప్పించాల్సింది ఆయన్నో, తనను తానో తెలియకుండానే గడగడా మాట్లాడాడు.

"నాకు మాత్రం జాలి లేదా స్వామీ? కానీ ఒకడికి సడలిస్తే రేపు అందరూ కొరుక్కుంటారు. మన మల్లేశు లేడూ, వానాకాలంలో అదే బావిలో కాలుజారి పోయాడే, ఎంత బుద్ధిమంతుడు! ఆఖరి స్నానం నేనే చేయించాను. విభూతి రాస్తూ చూశాను, ఒంటి మీద ఒక్క గీత లేదు. ఎవడి మీదా ఏనాడూ చెయ్యి చేసుకోలేదు. వాడూ వీడంతవాడే. వాడు ఉండగలిగినప్పుడు వీడెందుకు ఉండలేడు?"

పెద్దస్వామి అంతా విన్నాడు. తర్వాత వాకిట్లో నీళ్ళతో ఉన్న గంగాళం వైపు చెయ్యి చూపించాడు.

"అడుగున ఏదో పడ్డట్టుంది రేవణా. చూడు."

రేవణయ్య వంగి చూశాడు. మెడ మీద రెండు చేతులు పడ్డాయి. ముఖం నీళ్ళలోకి వెళ్ళిపోయింది.

ముసలాయన హాస్యమాడుతున్నాడనుకున్నాడు మొదట. ఆ చేతులు లేవలేదు. పెద్దస్వామి తన బరువంతా వేసి నొక్కుతున్నాడు. రొమ్ము మండింది, చెవులు హోరెత్తాయి. ఆ తర్వాత తన చేతులు ఏం చేశాయో రేవణయ్యకే తెలియదు. గంగాళం బోర్లాపడింది. దగ్గుతూ, కక్కుతూ నేల మీద కూలబడ్డాడు.

"చంపేస్తారా స్వామీ నన్ను!"

"అంత అరుపెందుకు? నీ ఒంటి మీద గీతైనా లేదే," అన్నాడు పెద్దస్వామి.

ఆయన ముంజేతి మీద మాత్రం గోళ్ళు దిగి నెత్తురు కారుతోంది. రేవణయ్య కంగారుగా పైగుడ్డ చింపి కట్టబోయాడు. పెద్దస్వామి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"విభూతి వేళయింది. పద."

పిల్లలు అప్పటికే వరసగా నిలబడి ఉన్నారు. చివర్న చెన్నడు, కాళ్ళ దగ్గర చిన్న మూట. పెద్దస్వామి పైనున్న శాలువా తీసి, వెళ్ళి వాడి పక్కన నిలబడ్డాడు. పిల్లలు బిత్తరపోయి చూశారు. తడిసిన జుట్టుతో రేవణయ్య ఒక్కొక్కడికీ రాసుకుంటూ వచ్చాడు. బసవలింగానికి రాశాడు. చెన్నడికి రాశాడు. ఇక మిగిలింది ఆయనే.

పెద్దస్వామి నెత్తురోడుతున్న ముంజేయి చాచాడు.

"అడగవేం రేవణా?"

రేవణయ్య విభూతి తీసి ఆ ముంజేతికి రాయబోయి ఆగిపోయాడు.

"పోనీ, నేనే అడుగుతాను. మల్లేశుకు ఆఖరి స్నానం చేయించింది నువ్వేగా?"

"నేనే స్వామీ."

"వాడి చేతులు కడిగావా?"

"కడిగాను."

"వాడి గోళ్ళలో ఏమైనా ఉందా?"

ఆ చిన్న చేతులు రేవణయ్య కళ్ళ ముందు మెదిలాయి. ఒక్కొక్క వేలూ విప్పి కడిగాడు ఆ రోజు. గోళ్ళు ఎంత శుభ్రంగా ఉన్నాయో అని కూడా అనుకున్నాడు.

"ఏమీ లేదు స్వామీ," అన్నాడు.

"ఊపిరాడకపోయినా నీ నియమం తప్పలేదు వాడు," అన్నాడు పెద్దస్వామి.

రేవణయ్య చేతిలోంచి పళ్ళెం జారి విభూతి నేలపాలయింది. పెద్దవాడై ఉండి, పిల్లలందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎవరూ ఆపలేదు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, చెన్నడి మూట తీసి వాడి పడక మీద పెట్టి వచ్చాడు.

ఆ తర్వాత బసవలింగం ముందు నిలబడి, గుడ్డ చుట్టిన చేతిని పట్టుకున్నాడు.

"చెన్నడు కొరికినప్పుడు ఈ చెయ్యి ఎక్కడుందిరా?"

వాడు నేలచూపులు చూశాడు.

"మల్లేశు పోయిన రోజు ఎక్కడుంది?"

బసవలింగం చెయ్యి లాక్కోబోయాడు. రేవణయ్య వదల్లేదు.