లేడి మోసుకెళ్లిన విన్నపం

కొరియా కొండల జంతువులు ఏటా వసంతంలో ఉత్తరాది పులి దర్బారుకు పది ఆడ లేడిపిల్లల్ని ‘సేవకు’ పంపాలి. వెళ్లిన పిల్ల ఏదీ తిరిగి రాలేదు. ఈసారి జాబితాలో యోన్ అనే తల్లిలేడి కూతురూ ఉంది. ఆ రివాజు రద్దు చేయమని అందరూ కలిసి విన్నపం రాశారు. కింద పులి పంజా ముద్ర పడితే చాలు, అదే రాజాజ్ఞ. పరీక్షలన్నీ నెగ్గిన కొంగ పండితుణ్ణి రాయబారిగా పంపారు. విన్నపం ఉన్న పెట్టె మోయడానికి యోన్ వెంట నడిచింది.

దర్బారులో రాయబారికి మూడు రోజులే గడువు. మంత్రి నక్క గుమ్మంలోనే ఆపాడు.

“కవివర్యా, ముందు ఒక పద్యం! ఇక్కడి ఆచారం.”

కొంగ మెడ సాచి వెన్నెల మీద రాశాడు. రెండో రోజు నక్క మళ్లీ అడిగాడు. కొంగ పొగమంచు మీద రాశాడు.

“పండితులవారూ, విన్నపం సంగతి?” అంది యోన్.

“తొందరెందుకు లేడమ్మా? దౌత్యం నీకేం తెలుసు? ముందు మర్యాద, తర్వాత పని.”

“మర్యాద మీకు, భోజనం పులికి. పోయేది నా పిల్ల!”

“ఆడవాళ్లకు ప్రతిదీ సొంత గొడవే.”

“మీ పిల్లను జాబితాలో రాయించండి. అప్పుడది దేశం గొడవ అవుతుంది.”

కొంగకు వినపడలేదు. నక్క పద్యాన్ని తలకిందులుగా పట్టుకుని, “చివరి పాదం అమోఘం!” అంటున్నాడు మరి. యోన్‌కు ఒళ్లు మండింది.

మూడో రోజు వీడ్కోలు. రాయబారి పద్యం మీద రాజు ముద్ర వేస్తాడు, తర్వాత దాన్ని అన్ని అడవుల రాయబారుల ముందు చదువుతారు. కొంగ పూల మీద రాసిన పద్యాన్ని యోన్ పెట్టెలో పడేసి, రాజు ముందుకు వెళ్లే పళ్లెంలో విన్నపం పెట్టింది.

నక్క ఆ కాగితం చుట్ట విప్పనైనా లేదు. “ఆహా! ఇంత సుకుమారమైన కవిత్వం నేనెన్నడూ చదవలేదు. ముద్ర వేయండి ప్రభూ!”

పులి సిరాలో పంజా ముంచి అద్దాడు. దర్బారులో చదివి వినిపించే ఎలుగుబంటి చుట్ట విప్పి గొంతెత్తి చదివాడు: “నేటినుంచి ఆడపిల్లల్ని పంపే రివాజు రద్దు.”

పులి నక్కవైపు తిరిగాడు.

“చదివే పొగిడావా?”

చదివానంటే రాజద్రోహం, చదవలేదంటే అబద్ధాలకోరు. ఇంతమంది చూస్తుండగా వేసిన ముద్రను పులి మింగలేడు, నక్కనైతే మింగగలడు.

“నా పూల పద్యం చదవనేలేదే!” అని కొంగ గిలగిల్లాడాడు.

“పెట్టెలో భద్రంగా ఉంది. ఇంటికెళ్లి చదవండి. వినడానికి నా కూతురు ఉంటుంది,” అంది యోన్.

ఇందులో నేర్చుకోవలసింది ఒక్కటే: చదవకుండా పొగిడేవాడు ఏదో ఒకరోజు తన ఉరిశిక్షకే వహ్వా అంటాడు.