కునుకు లేని కాపలా

ఇప్పకోన అనే అడవిలో చెట్ల మీద కొండముచ్చులు, చెట్ల కింద చుక్కల జింకలు ఇరుగుపొరుగుగా బతికేవి. కొండముచ్చులు చిగుళ్ళు సగం తిని సగం కింద పారేసేవి. ఆ సగం జింకలకు విందు. తిండి పారేయడం చెడ్డ అలవాటే పిల్లలూ, కానీ ఇప్పకోనలో స్నేహం అలాగే మొదలైంది.

ఆ స్నేహానికి ఒక కట్టుబాటు ఉండేది. పైన కన్ను, కింద ముక్కు. ఎత్తైన మద్దిచెట్టు మీద ఒక కొండముచ్చు కాపలా కూర్చుంటుంది. ఏదైనా కదిలినట్టు కనిపిస్తే వెంటనే అరవకూడదు, ముందు కిందికి చూడాలి. కింద జింకల పెద్ద గాలిలో వాసన పడుతుంది. చిరుతపులి వాసన తగిలితే ముందరి కాలు నేలకేసి కొడుతుంది. అప్పుడే పైనుంచి "ఖక్, ఖక్" అని కేక వినిపిస్తుంది. ఆ కేకతో అందరూ పరుగు తీస్తారు. కాపలా వంతులవారీగా సాగేది కాబట్టి ఎవరికీ బరువయ్యేది కాదు.

ఆ ఏడు కాపలా పెద్దరికం మసిమూతి అనే కొండముచ్చుకు దక్కింది. సరిగ్గా అప్పుడే పక్క గుట్టలోకి ఒక చిరుతపులి వచ్చి చేరిందని కబురు వచ్చింది. భయంగా లేదా అని తోటివాళ్ళు అడిగితే మసిమూతి తోక పైకెత్తి, భయం తమ ఇంటావంటా లేదన్నాడు. అదంతా మేకపోతు గాంభీర్యం. లోపల గుండె దడదడలాడుతూనే ఉంది.

తన కాపలాలో ఒక్క జింకపిల్లకు ఏమైనా అయితే? ఈ మాట మసిమూతి మనసులో ముల్లులా దిగింది. దాన్ని ఎవరికీ చెప్పలేదు. వంతుకు వచ్చినవాళ్ళను, మీకు చేతకాదు పొమ్మని పంపేశాడు. పగలూ రాత్రీ తానే కొమ్మ మీద కూర్చున్నాడు. చిగురు గొంతు దిగలేదు, కంటి మీద కునుకు లేదు. కోతిపుండు బ్రహ్మరాక్షసి అంటారు కదా, గోకినకొద్దీ పెద్దదవుతుంది. మసిమూతి భయమూ అంతే.

ఇక కిందికి చూసి ముక్కును అడగడం కూడా మానేశాడు. టేకు ఆకు రాలితే కేక. ముళ్ళపంది తుమ్మితే కేక. ఒకరోజు బండ మీద పొడవైన నీడ ఒకటి ఆడుతుంటే కోన దద్దరిల్లేలా అరిచాడు. తీరా చూస్తే అది తన తోక నీడే.

పైన ఉన్నవాళ్ళకు ఇది నవ్వులాట. కింద జింకలకు మాత్రం ప్రాణసంకటం. కేక వినిపిస్తే పరుగెత్తకుండా ఉండలేవు. ఇప్పపూలు రాలే రోజులవి, ఏడాదికి ఒక్కసారి దొరికే తీపి మేత. పువ్వు నోట పెట్టేలోపు కేక, మళ్ళీ పరుగు. పిల్లతల్లులకు పాలు తగ్గాయి. జింకల పెద్ద చుక్కమ్మకు అప్పుడే పుట్టిన కూన ఉంది. అది పరుగుల్లో కాలు బెణికి కుంటసాగింది. చివరికి జింకలన్నీ వాగు దాటి అవతలి గడ్డిబయలుకు వెళ్ళిపోదామనుకున్నాయి. అక్కడ గడ్డి నిలువెత్తు, చెట్టు ఒక్కటీ లేదు, కాపలా ఉండదు. చిరుతకు అంతకన్నా ఏం కావాలి?

ఆ సంగతి చెప్పడానికి చుక్కమ్మ మద్దిచెట్టు కిందికి వచ్చింది. ఆమె నోరు తెరిచేలోపే, నిద్రలేక తూలుతున్న మసిమూతి కొమ్మ మీంచి జారి ధడాలున ఆమె ముందు పడ్డాడు. తోక బండకు తగిలి మధ్యలో వంకర పోయింది. అంత గొప్పగా పైకెత్తిన తోక, ఇక జన్మలో నిటారుగా నిలవదు. చిలకలు పకపకా నవ్వాయి. చుక్కమ్మ నవ్వలేదు. పక్కన కూర్చుని, ఏమైంది తమ్ముడూ అని అడిగింది.

మసిమూతి తలవంచుకుని, "భయంగా ఉందక్కా. ఎప్పుడూ భయంగానే ఉంది" అన్నాడు. ఆ మాట అన్నాక అతనికి ఏడుపు వచ్చింది, ఏడ్చాడు కూడా.

"నాకూ ఉంది. లేకపోతే నా కూన ఎప్పుడో చిరుత నోట పడేది," అంది చుక్కమ్మ. "భయం తన పని చేసుకుని పడుకోవాలి. నువ్వు దాన్నీ పడుకోనివ్వడం లేదు, నువ్వూ పడుకోవడం లేదు."

తాను ఏం చేస్తుందో కూడా చెప్పింది. గుండె అదిరినప్పుడు ముందు నిలబడిపోతుందట. ఇప్పపూల వాసన లోపలిదాకా చేరేలా నిదానంగా గాలి పీల్చి, అంతకన్నా నిదానంగా వదులుతుందట. ఆ తర్వాత, రేపు ఏమవుతుందో అని కాకుండా ఇప్పుడు ఎదురుగా ఏముందో చూస్తుందట. తెలియకపోతే పైవాళ్ళను అడుగుతుందట.

"నేను నిద్రపోయినప్పుడు చిరుత వస్తే?" అన్నాడు మసిమూతి.

"మేలుకున్నవాడు చూస్తాడు. అందుకేగా వంతులు పెట్టుకున్నది."

మసిమూతి ఆ పూట తోటివాళ్ళకు క్షమాపణ చెప్పి, వంతులు మళ్ళీ పంచాడు. కడుపునిండా తిని, కొమ్మల మీద గంతులేసి, ఆదమరచి నిద్రపోయాడు. జింకలు ప్రయాణం వాయిదా వేసుకున్నాయి. అతని భయం పూర్తిగా పోలేదు. రోజూ కాస్త వచ్చేది, కాసేపుండి వెళ్ళేది.

ఒక తెల్లవారుజామున మసిమూతి వంతులో పొదల వెనక పసుపుపచ్చగా ఏదో కనిపించింది. గుండె దడదడలాడింది. కేక నాలుక చివరిదాకా వచ్చింది. అతను దాన్ని ఆపి, నిదానంగా గాలి పీల్చి వదిలాడు. ఎండుటాకులేమో అని తేరిపార చూశాడు. ఎండుటాకులకు చెవులు ఉండవు. వెంటనే కిందికి చూశాడు. చుక్కమ్మ ముక్కు పైకెత్తింది, కాలు నేలకేసి టపటపా కొట్టింది.

"ఖక్, ఖక్" అని కోనంతా మోగింది.

కడుపునిండా మేసి, కాళ్ళలో సత్తువ ఉన్న జింకలు ఒక్క ఊపున బయటపడ్డాయి. కుంటికూన కూడా తల్లి పక్కనే పరుగెత్తింది. అందరి కంటా పడ్డాక చిరుతకు ఇక వేట లేదు. అది మూతి ముడుచుకుని గుట్టకేసి నడిచింది.

కొండముచ్చులన్నీ మసిమూతి చుట్టూ చేరి మెచ్చుకున్నాయి. ఇక ఎప్పటికీ నువ్వే కాపలా ఉండు అన్నాయి. మసిమూతి నవ్వి, తన వంతు అయిపోయిందని చెప్పి, పక్కవాణ్ణి కొమ్మ ఎక్కించాడు. గాలిలో చిరుత వాసన ఇంకా పోలేదు. అయినా అతను వంకరతోక వేలాడేసుకుని నిద్రపోయాడు. కాసేపటికి జింకలు తిరిగి వచ్చాయి. పైనుంచి వినిపించే ఆ గురక కింద నింపాదిగా ఇప్పపూలు మేశాయి.

నీతి: భయపడటం తప్పు కాదు, దాన్ని దాచుకుని ఒక్కడే మోయడం తప్పు. తోడును నమ్మి వేళకు నిద్రపోయేవాడే వేళకు మేలుకుంటాడు.