వెనక తలుపు తాళం

రాజధానిలోని ధర్మవైద్యశాల ముందు వాకిట నిప్పంటుకుని, లోపల పొగ కమ్మి చాలామంది రోగులు చనిపోయారు. వాళ్లలో చాకలి సింగారమ్మ భర్త ఒకడు.

"వెనక తలుపు ఎందుకు తీయలేదు ప్రభూ?" అని ఆమె రాజుగారి ముందు మొరపెట్టుకుంది.

వైద్యశాల అధికారి విరూపాక్షయ్య అడ్డం వచ్చాడు. "రోగులు పారిపోకుండా దానికి తాళం వేస్తాం ప్రభూ. ఆపద వస్తే క్షణంలో తీసేస్తాం. ఆ రోజు వాళ్లే మంచం దిగలేకపోయారు. వాళ్ల రాత."

కాలిన వాకిలి బాగుచేశాక, రోగుల్ని చేర్చుకునే ముందు రాజుగారు చూడటానికి వచ్చారు. ఆయనా అధికారీ లోపలికి వెళ్లగానే సింగారమ్మ వాకిట్లో తడిగడ్డి పోసి నిప్పు పెట్టింది. పొగ లోపలికి కమ్ముకుంది. ఇద్దరూ వెనక తలుపు దగ్గరికి పరుగెత్తారు.

"తాళంచెవి ఏదయ్యా?" అని రాజుగారు అరిచారు.

"మా ఇంట్లో ఉంది ప్రభూ!" అంటూ అధికారి దగ్గుతూ తలుపు బాదాడు.

సింగారమ్మ నీళ్లు చల్లి మంట ఆర్పి లోపలికి వచ్చింది.

"నన్ను చంపాలనుకున్నావా?" అని అధికారి మీదికొచ్చాడు.

"తమరు రోగి కాదు కదయ్యా. కాళ్లు బాగానే ఉన్నాయి. మరి బయటికి ఎందుకు రాలేకపోయారు?" అంది సింగారమ్మ.

రాజుగారు ఆ మాట విని తలుపు వైపు తిరిగారు. కింది చెక్క నిండా గోళ్లతో గీరిన గీతలు కనిపించాయి.

"మంచం దిగలేదన్నావే," అన్నారాయన.

సింగారమ్మ తలుపు ముందు కూలబడి, ఆ గీతల్లో తన భర్తవి ఏవోనని వేళ్లతో తడుముకుంది.